మీ ఊరి సూర్యోదయం, సూర్యాస్తమయం మీరే లెక్క కట్టుకోవడం ఎలా?

"డిసెంబరు 21 వెళ్లిపోయింది, ఇక పగలు పెరుగుతుందన్నారు. మరి జనవరిలో పొద్దు ఇంకా ఆలస్యంగా పొడుస్తోందేం?" "హైదరాబాద్ క్యాలెండర్ చూసి వైజాగ్‌లో రాహుకాలం లెక్కేసుకోవచ్చా?" "ఫోన్లో ఒక టైము, పంచాంగంలో ఒక టైము. ఏది నమ్మాలి?"

చలికాలం వచ్చిందంటే చాలు, ఈ మూడు ప్రశ్నలూ తిప్పి తిప్పి అడుగుతూనే ఉంటారు. విడివిడిగా జవాబు చెప్పేకంటే లెక్కే నేర్పేస్తే నయమనిపించింది. పదో తరగతి త్రికోణమితి లీలగా గుర్తుంటే చాలు. అది కూడా మర్చిపోయినా ఫర్వాలేదు, కాలిక్యులేటర్ మీటలు నొక్కడం వస్తే పని జరిగిపోతుంది.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. సూర్యోదయాన్ని మనం నేరుగా కనుక్కోం. రెండు వేర్వేరు లెక్కలు చేస్తాం. ఒకటి: మీ ఊళ్లో అసలు మిట్టమధ్యాహ్నం గడియారంలో ఎన్నింటికి? రెండు: ఆ రోజు సగం పగలు ఎంతసేపు? మధ్యాహ్నంలోంచి సగం పగలు తీసేస్తే ఉదయం. కలిపితే అస్తమయం. ఈ రెండింటినీ కలగాపులగం చేయకుండా ఉంటే ఎక్కడ తప్పు జరిగినా ఇట్టే దొరుకుతుంది. కలిపి ఒకే పెద్ద సూత్రంలా రాసుకున్నవాళ్లే గంటలకొద్దీ తలపట్టుకుంటారు.

కావలసినవి

- మీ ఊరి అక్షాంశం, రేఖాంశం. ఫోన్ మ్యాప్‌లో మీ ఇంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.
- తేదీ.
- సైన్, కాస్ ఉన్న కాలిక్యులేటర్. ఫోన్లో ఉన్నదాన్ని అడ్డంగా తిప్పితే చాలావాటిలో ఆ మీటలు కనిపిస్తాయి.
- ఒక కాగితం. ఎక్సెల్ వచ్చినవాళ్లు కూడా మొదటిసారి కాగితం మీదే చేయండి. ఎందుకో కింద చెబుతాను.

ఉదాహరణకి చార్మినార్ దగ్గర జనవరి 15న సూర్యోదయం కనుక్కుందాం. అక్షాంశం 17.36, రేఖాంశం 78.47.

0. కాలిక్యులేటర్‌ని ముందే పరీక్షించండి

సైన్ 30 నొక్కండి. 0.5 రావాలి. మైనస్ 0.988 వచ్చిందంటే మీ కాలిక్యులేటర్ కోణాన్ని డిగ్రీల్లో కాక రేడియన్లలో తీసుకుంటోంది. తెరమీద ఆర్ఏడీ అని ఉన్నచోట నొక్కి డీఈజీకి మార్చండి. కాగితం మీద చేయమన్నది ఇందుకే: ఎక్సెల్ ఎప్పుడూ రేడియన్లే అడుగుతుంది, డిగ్రీలు ఇచ్చినా ఏమీ అనకుండా ఏదో ఒక అంకె ముఖాన పడేస్తుంది. అది తప్పని మీకు అనుమానం కూడా రాదు. కాగితం మీద ఒకసారి సరైన జవాబు రాబట్టుకుంటే, తర్వాత ఎక్సెల్ జవాబుని దాంతో పోల్చుకోవచ్చు.

1. ఊరి అంకెలు దశాంశాల్లోకి మార్చుకోండి

మ్యాప్‌లో 17.36 అని ఉంటే అలాగే వాడండి. కానీ పాత అట్లాసుల్లోనూ పంచాంగాల్లోనూ 80 డిగ్రీల 39 నిమిషాలు అన్నట్టు ఉంటుంది. అది 80.39 కాదు. 39ని 60తో భాగిస్తే 0.65, కాబట్టి 80.65. ఇది విజయవాడ రేఖాంశం. ఈ పొరపాటు వల్ల వచ్చే తేడా నిమిషమే. మీ ఊరి అంకెలో నిమిషాలు ఇంకా పెద్దవైతే తేడా కూడా పెరుగుతుంది.

2. తేదీని రోజు సంఖ్యగా మార్చండి

జనవరి 1 అంటే 1, డిసెంబరు 31 అంటే 365. ప్రతి నెలకీ ముందు గడిచిన రోజులు ఇవి: జనవరి 0, ఫిబ్రవరి 31, మార్చి 59, ఏప్రిల్ 90, మే 120, జూన్ 151, జులై 181, ఆగస్టు 212, సెప్టెంబరు 243, అక్టోబరు 273, నవంబరు 304, డిసెంబరు 334. దీనికి తేదీ కలపండి. జూన్ 21 అంటే 151 + 21 = 172. లీపు సంవత్సరంలో మార్చి నుంచి ఒకటి ఎక్కువ కలపాలి. మర్చిపోయినా కొంప మునగదు, తేడా నిమిషం దాటదు.

జనవరి 15కి రోజు సంఖ్య 15.

3. సూర్యుడి క్రాంతి కనుక్కోండి

సూర్యుడు భూమధ్యరేఖకి ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉన్నాడో చెప్పే కోణం క్రాంతి. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సున్నా. జూన్ 21న 23.44. డిసెంబరు 21న మైనస్ 23.44.

క్రాంతి = 23.44 × సైన్ [ 360 × (రోజు సంఖ్య + 284) ÷ 365 ]

మన ఉదాహరణలో 15 + 284 = 299. దాన్ని 360తో గుణించి 365తో భాగిస్తే 294.90. దాని సైన్ మైనస్ 0.907. క్రాంతి = మైనస్ 21.26 డిగ్రీలు.

ఆ మైనస్‌ని వదలకండి. నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి. మైనస్ పోతే జనవరిలో పగలు పదమూడు గంటలు వచ్చి కూర్చుంటుంది. సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం దాకా క్రాంతి మైనస్‌లోనే ఉండాలి, ఇది కంఠతా పట్టేయండి.

4. అసలు మిట్టమధ్యాహ్నం ఎన్నింటికి?

మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. ఆ గీత కాకినాడకి దగ్గరగా వెళుతుంది. అంటే కాకినాడవాళ్లకి గడియారం దాదాపు సొంతది, హైదరాబాద్‌వాళ్లకి అరువుది. పడమరకి ఒక్కో డిగ్రీ వెళ్లేకొద్దీ సూర్యుడు నడినెత్తికి రావడం 4 నిమిషాలు ఆలస్యం అవుతుంది.

ఊరి తేడా = (82.5 − మీ రేఖాంశం) × 4 నిమిషాలు

చార్మినార్‌కి: 82.5 − 78.47 = 4.03. నాలుగుతో గుణిస్తే 16.1 నిమిషాలు. విశాఖపట్నం రేఖాంశం 83.22, కాబట్టి అక్కడ మైనస్ 2.9 నిమిషాలు వస్తుంది. అంటే వాళ్లకి మధ్యాహ్నం ఆ మేరకు ముందే. ఆ మైనస్ చూసి కంగారు పడకండి.

రెండో దిద్దుబాటు ఇంకొకటుంది. భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడవునా ఒకే వేగంతో తిరగదు, పైగా వాలి తిరుగుతుంది. అందువల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు గడియారం కంటే ముందుంటాడు, కొన్నాళ్లు వెనకబడతాడు. పుస్తకాల్లో దీన్ని కాల సమీకరణం అంటారు. నేను గడియారం తేడా అంటాను. నవంబరు మొదటి వారంలో సూర్యుడు సుమారు 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి రెండో వారంలో సుమారు 14 నిమిషాలు వెనక.

ముందు ఒక కోణం: క = 360 × (రోజు సంఖ్య − 81) ÷ 365

గడియారం తేడా = 9.87 × సైన్(2క) − 7.53 × కాస్(క) − 1.5 × సైన్(క)

జనవరి 15కి క = మైనస్ 65.10. రెట్టింపు మైనస్ 130.19. ఇప్పుడు ముక్కలుగా చేయండి, ఒకేసారి కాలిక్యులేటర్‌లో కుక్కకండి:

9.87 × (−0.7639) = −7.54
7.53 × 0.4211 = 3.17, ఇది తీసేయాలి
1.5 × (−0.907) = −1.36, దీన్ని తీసేస్తే కలిపినట్టే

మొత్తం: −7.54 − 3.17 + 1.36 = −9.35 నిమిషాలు.

మిట్టమధ్యాహ్నం = 12:00 + ఊరి తేడా − గడియారం తేడా

12:00 + 16.1 − (−9.35) = 12 గంటల 25.5 నిమిషాలు.

మైనస్ లోంచి మైనస్ కాబట్టి కలిసింది. ఇక్కడ గుర్తు తారుమారైతే 12:07 వస్తుంది, దాదాపు 19 నిమిషాల తేడా. గుర్తుంచుకోడానికి ఒక ఉపాయం: జనవరి, ఫిబ్రవరి నెలల్లో సూర్యుడు బద్ధకస్తుడు, మధ్యాహ్నం ఆలస్యం. అక్టోబరు, నవంబరుల్లో తొందరపడతాడు, మధ్యాహ్నం ముందు. మీ జవాబు అలా లేకపోతే గుర్తు తిరగబడినట్టే.

సూత్రం మొత్తం చేయడం ఇష్టం లేనివాళ్లకి: ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల చుట్టూ ఈ తేడా సున్నాకి దగ్గర. ఆ రోజుల్లో దీన్ని వదిలేసినా చెల్లుతుంది.

5. సగం పగలు ఎంత?

కాస్(కోణం) = [ −0.0145 − సైన్(అక్షాంశం) × సైన్(క్రాంతి) ] ÷ [ కాస్(అక్షాంశం) × కాస్(క్రాంతి) ]

ఈ −0.0145 ఎక్కడిది? సూర్యోదయం అంటే బింబం మధ్యభాగం క్షితిజాన్ని తాకడం కాదు, పైఅంచు కనిపించడం. బింబంలో సగం 16 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ). పైగా గాలి వెలుగుని వంచడం వల్ల సూర్యుడు ఇంకా కిందే ఉన్నా పైకి కనిపిస్తాడు, అది 34 కళలు. రెండూ కలిపి 50 కళలు, అంటే 0.833 డిగ్రీలు. మైనస్ 0.833 సైన్ విలువే ఈ అంకె. ఏ ఊరికైనా, ఏ రోజుకైనా ఇదే.

పైన: సైన్ 17.36 = 0.2984. సైన్(−21.26) = −0.3626. గుణిస్తే −0.1082. కాబట్టి −0.0145 + 0.1082 = 0.0937.

కింద: 0.9545 × 0.9320 = 0.8895.

భాగిస్తే 0.1053. దీని మీద కాస్ ఇన్వర్స్ (cos⁻¹ అని ఉన్న మీట) నొక్కితే 83.96 డిగ్రీలు.

సూర్యుడు ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. 83.96 ÷ 15 = 5.597 గంటలు.

ఇక్కడ ఆగండి. 5.597 అంటే 5 గంటల 59 నిమిషాలు కాదు! లెక్క అంతా సరిగ్గా చేసి చివర్లో ఇక్కడ జారిపడేవాళ్లు ఎంతమందో. 0.597ని 60తో గుణించండి: 35.8. అంటే 5 గంటల 35.8 నిమిషాలు.

6. తీసేయండి, కలపండి

ఉదయం: 12:25.5 − 5:35.8 = 6:49.7, అంటే సుమారు 6:50.
అస్తమయం: 12:25.5 + 5:35.8 = 18:01.3, అంటే సాయంత్రం 6:01.
పగలు: 5:35.8 కి రెట్టింపు, 11 గంటల 12 నిమిషాలు.

సెకన్లు రాయకండి. ఈ సూత్రాలు మన రాష్ట్రాల్లో ఒకటి రెండు నిమిషాల లోపు తేడాతో పనిచేస్తాయి, అంతకంటే నిక్కచ్చిగా చెప్పినట్టు నటించడం ఎందుకు? ఆ రోజు గాలి వేడి, తేమ మారితేనే కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతాయి.

వచ్చిన జవాబు సరైనదేనా?

మీ చేతికి లెక్క కుదిరిందో లేదో చూసుకోడానికి చార్మినార్‌కే మరో మూడు రోజులు ఇస్తున్నాను. చేసి చూడండి. నిమిషం అటూ ఇటూగా ఇవి రావాలి:

- జూన్ 21: మిట్టమధ్యాహ్నం 12:18, ఉదయం 5:43, అస్తమయం 6:53, పగలు 13 గంటల 10 నిమిషాలు
- నవంబరు 22: మిట్టమధ్యాహ్నం 12:03, ఉదయం 6:26, అస్తమయం 5:40, పగలు 11 గంటల 13 నిమిషాలు
- డిసెంబరు 21: మిట్టమధ్యాహ్నం 12:15, ఉదయం 6:42, అస్తమయం 5:47, పగలు 11 గంటల 5 నిమిషాలు

మొదటి ప్రశ్నకి జవాబు ఈ అంకెల్లోనే ఉంది. డిసెంబరు 21ని జనవరి 15తో పోల్చండి. పగలు 6 నిమిషాలు పెరిగింది, అంటే సగం పగలు 3 నిమిషాలు పెరిగింది. కానీ అదే సమయంలో మిట్టమధ్యాహ్నం 12:15 నుంచి 12:25కి జరిగింది. మధ్యాహ్నం పది పదకొండు నిమిషాలు వెనక్కి పోతే, సగం పగలు పెరిగిన మూడు నిమిషాలు ఏ మూలకి? అందుకే ఉదయం 6:42 నుంచి 6:50కి ఆలస్యమైంది, సాయంత్రం మాత్రం ఏకంగా 14 నిమిషాలు సాగింది. హైదరాబాద్‌లో పొద్దు అన్నిటికంటే ఆలస్యంగా పొడిచేది జనవరి 20 అటూ ఇటూ. అన్నిటికంటే తొందరగా గుంకేది నవంబరు మూడు, నాలుగు వారాల్లో. అతి చిన్న పగలు ఈ రెంటి మధ్యలో ఎక్కడో డిసెంబరు 21న పడుతుంది. మీ కళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు, పాఠ్యపుస్తకమూ అబద్ధం చెప్పడం లేదు.

ఇంకో చిన్న పరీక్ష. ఏ ఊరికైనా జూన్ 21 పగలూ డిసెంబరు 21 పగలూ కలిపితే 24 గంటలకి కాస్త ఎక్కువ రావాలి. చార్మినార్‌కి 24 గంటల 15 నిమిషాలు. సరిగ్గా 24 వచ్చిందంటే ఆ −0.0145 ఎక్కడో జారిపోయింది. అలాగే పగలూ రాత్రీ సమానం అనుకునే రోజున కూడా మన దగ్గర పగలు 12 గంటల 7 నిమిషాలు వస్తుంది. అది తప్పు కాదు.

తప్పు వస్తే ఎక్కడ వెతకాలి?

ఫోన్లో టైముతోనో, అమెరికా వాతావరణ సంస్థ నోవా పెట్టిన సోలార్ కాలిక్యులేటర్‌తోనో పోల్చండి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: రెండు టైములూ ఒకే వైపుకి జరిగాయా, ఎదురెదురుగా జరిగాయా?

ఉదయమూ అస్తమయమూ రెండూ ఒకేలా ఆలస్యంగానో, ఒకేలా ముందుగానో వస్తే తప్పు మధ్యాహ్నంలో ఉంది, అంటే 4వ మెట్టు. రేఖాంశం తప్పుగా వేసుంటారు, లేదా గడియారం తేడా గుర్తు తిరగబడి ఉంటుంది.

ఉదయం ముందుకీ అస్తమయం వెనక్కీ, లేదా దానికి ఉల్టాగా జరిగితే తప్పు సగం పగలులో ఉంది. క్రాంతి మైనస్, అక్షాంశం, లేదా 5.597 గంటల దగ్గరి పొరపాటు. ఆ చివరిది గుర్తుపట్టడం తేలిక: ఉదయం 23, 24 నిమిషాలు ముందుకీ, అస్తమయం అంతే వెనక్కీ పోతాయి.

రెండూ అస్తవ్యస్తంగా ఉంటే రేడియన్లు. మళ్లీ 0వ మెట్టుకి.

ఇక లెక్క కాకుండా, వాడుకలో చేసే పెద్ద తప్పు ఒకటుంది. ఇది నేనే చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మా అక్క కొడుకు పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకోడానికి జనవరిలో భీమిలి వెళ్తూ, సూర్యోదయం ఎన్నింటికి మామయ్యా అని ఫోన్ చేశాడు. నా కాగితం మీద హైదరాబాద్ లెక్క సిద్ధంగా ఉంది, అక్షాంశం కూడా ఇంచుమించు అదే కదా అని 6:50 అని చెప్పేశాను. పొద్దున్నే మళ్లీ ఫోన్. "మామయ్యా, మేం కెమెరా తీసేసరికే సూర్యుడు జానెడు పైకొచ్చేశాడు. ఫొటోగ్రాఫర్ నన్ను చూస్తున్నాడు, నేను ఆవిడని చూస్తున్నాను." అక్షాంశం దగ్గర దగ్గరే, నిజమే. రేఖాంశం తేడా దాదాపు 5 డిగ్రీలు, అంటే 19 నిమిషాలు. విశాఖలో ఆ రోజు ఉదయం 6:31కే. పక్క ఊరి టైము వాడుకోవచ్చా అని అడిగితే నా జవాబు ఇదే: ఉత్తర దక్షిణాలకి పక్క ఊరైతే ఓ మోస్తరుగా ఫర్వాలేదు, తూర్పు పడమరలకి పక్క ఊరైతే డిగ్రీకి 4 నిమిషాలు చెల్లించుకోవాలి.

బీచిలో కాకుండా కొండమీద నుంచి చూస్తున్నారా? వంద మీటర్ల ఎత్తు నుంచి సముద్రం వైపు చూస్తే సూర్యుడు నిమిషానికి పైగా ముందే కనిపిస్తాడు. ఎదురుగా అపార్ట్‌మెంటో గుట్టో ఉంటే మాత్రం ఏ సూత్రమూ మిమ్మల్ని ఆదుకోలేదు. లెక్క వేరు, మీ బాల్కనీ వేరు.

పంచాంగంతో తేడా వస్తే

నాలుగు నిమిషాల దాకా తేడా ఉంటే కంగారు పడకండి. కొన్ని పంచాంగాలు పైఅంచు కాకుండా బింబం మధ్యభాగాన్ని తీసుకుంటాయి, గాలి వంపుని లెక్కలోకి తీసుకోవు. మీరూ అలా చేసి చూడొచ్చు: 5వ మెట్టులో −0.0145 బదులు 0 పెట్టండి. చార్మినార్‌కి జనవరి 15న ఉదయం 6:50 బదులు 6:53 వస్తుంది. మీ పంచాంగం ఏ పద్ధతి వాడిందో ఈ ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే పంచాంగం మొదటి పేజీల్లో ఏ ఊరికి గణించారో చూడండి. రాష్ట్రీయ పంచాంగం లాంటివి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఒక కేంద్ర బిందువుని తీసుకుని గణిస్తాయి. అది మీ ఊరు కాదు.

పగటి నిడివిని ఘడియల్లో చూడాలంటే నిమిషాలని 24తో భాగించండి. 11 గంటల 11.6 నిమిషాలంటే 671.6 నిమిషాలు. 24తో భాగిస్తే 27.98, అంటే 27 ఘడియల 59 విఘడియలు. ఇక్కడ కూడా దశాంశాన్ని 60తో గుణించడం మరవకండి.

రాహుకాలం సంగతి. సోమవారం 7:30 నుంచి 9 దాకా అని గోడ క్యాలెండర్‌లో ఉండేది ఉదయం 6, అస్తమయం 6 అనుకుని వేసింది. సంప్రదాయం ప్రకారం పగటిని ఎనిమిది భాగాలు చేసి సోమవారానికి రెండో భాగం తీసుకోవాలి. జనవరి 15 సోమవారమైతే చార్మినార్ దగ్గర ఒక్కో భాగం 84 నిమిషాలు. మొదటి భాగం 6:50 నుంచి 8:14. రాహుకాలం 8:14 నుంచి 9:38. ఏడున్నరకి మంచిది కాదని ఆగి, తొమ్మిదింటికి బయల్దేరినవాళ్లు సరిగ్గా అందులోనే బయల్దేరారన్నమాట. పట్టింపు ఉండాలా వద్దా మీ ఇష్టం. పట్టించుకునేట్టయితే లెక్క సరిగ్గా ఉండాలి కదా.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

సూత్రం అదే, మూడు చోట్ల జాగ్రత్త.

పడమటి రేఖాంశం మైనస్. దక్షిణ అక్షాంశం కూడా మైనస్, కాబట్టి మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్నవాళ్లు అక్షాంశాన్ని మైనస్ పెట్టండి. 82.5 బదులు మీ టైమ్ జోన్ రేఖాంశం పెట్టాలి: ప్రామాణిక సమయం గ్రీన్‌విచ్‌కి ఎన్ని గంటల తేడాలో ఉందో దాన్ని 15తో గుణించండి. ఇక ఎండాకాలంలో గడియారాలు ముందుకి తిప్పే దేశాల్లో చివర్లో ఒక గంట కలపాలి, అది మొదట్లోనే కలిపితే టైమ్ జోన్ రేఖాంశం తప్పుగా వేస్తారు.

డల్లాస్ తీసుకోండి. అక్షాంశం 32.78, రేఖాంశం −96.80, టైమ్ జోన్ రేఖాంశం −90. ఊరి తేడా: −90 − (−96.80) = 6.80, నాలుగుతో గుణిస్తే 27.2 నిమిషాలు. జూన్ 21న గడియారం తేడా −1.45. మిట్టమధ్యాహ్నం 12:28.7, గంట కలిపితే 1:28.7. సగం పగలు 7 గంటల 9.4 నిమిషాలు వస్తుంది. ఉదయం 6:19, అస్తమయం 8:38. అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి కూడా వెలుతురు ఉందని అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ఆవిడ నమ్మకపోవడంలో తప్పేం లేదు. ఆ వెలుతురులో ఒక గంట గడియారం తిప్పడం వల్ల వచ్చింది.

అక్షాంశం బాగా ఎక్కువున్న చోట, ఉదాహరణకి నార్వేలోని ట్రామ్సోలో జూన్ 21న, కాస్ ఇన్వర్స్ నొక్కితే కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. మీరేమీ తప్పు చేయలేదు. విలువ −1 కంటే కిందికి పోయింది, అంటే ఆ రోజు సూర్యుడు అస్తమించడు. +1 దాటితే ఆ రోజు ఉదయించడు.

డాబా మీద సరిచూసుకోవడం

సూర్యోదయాన్ని కంటితో సరిచూడటం ఊళ్లో కష్టం, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. మిట్టమధ్యాహ్నాన్ని సరిచూడటం తేలిక. బట్టలారేసే తీగకి ఒక దారం కట్టి కింద తాళంకప్ప వేలాడదీయండి. గాలికి ఊగకుండా తాళాన్ని బకెట్ నీళ్లలో మునిగేలా ఉంచండి. బకెట్ నీడ మీదే దారం నీడ పడకుండా కాస్త ఎత్తుగా ఉన్న తీగ చూసుకోండి. దారానికి ఒకచోట ముడివేసి, ఆ ముడి నీడ నేలమీద పడిన చోట 11:45 నుంచి ఐదు నిమిషాలకోసారి చాక్‌పీసుతో చుక్క పెట్టండి. ఒంటిగంట దాకా పెడితే చుక్కలు ఒక గీతలా వస్తాయి. దారం కట్టిన చోటికి సూటిగా కింద ఉన్న బిందువు నుంచి ఏ చుక్క అన్నిటికంటే దగ్గరో అదే మిట్టమధ్యాహ్నం. ఒక్కసారికే అది తేలదు, మధ్యలో నాలుగైదు చుక్కలు ఒకే దూరంలో ఉన్నట్టే అనిపిస్తాయి. అప్పుడు దగ్గరి చుక్కని వెతక్కండి. అటువైపు, ఇటువైపు సమాన దూరంలో ఉన్న రెండు చుక్కలు పట్టుకుని వాటి టైములకి మధ్య సమయం తీసుకోండి. సూర్యుణ్ని నేరుగా చూడొద్దు, నీడ చాలు.

జనవరి మధ్యలో హైదరాబాద్‌లో ఇది చేస్తే 12:25 దగ్గర రావాలి. రెండు మూడు నిమిషాల తేడా వస్తే దారం కదిలిందని అర్థం. పది నిమిషాల తేడా వస్తే 4వ మెట్టు మళ్లీ చూసుకోండి.

పిల్లలకి చూపించాలనుకుంటే మే 9 ఎంచుకోండి. ఆ రోజు హైదరాబాద్‌లో సూర్యుడి క్రాంతీ ఊరి అక్షాంశమూ ఒకటవుతాయి, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. లెక్క ప్రకారం 12:12కి నిలువుగా పెట్టిన గ్లాసుకి నీడ ఉండదు. మీ ఊరికి ఆ రోజు ఎప్పుడో కావాలంటే 3వ మెట్టులో తేదీలు మారుస్తూ క్రాంతి మీ అక్షాంశానికి సమానమయ్యే చోట ఆగండి. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. హైదరాబాద్‌కి రెండోది ఆగస్టు 3, మిట్టమధ్యాహ్నం 12:22కి. మబ్బుల కాలం కాబట్టి దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి.